గాటు జరిగింది, పర్సు తీయండి

తరాల మధ్య అంతరం గురించి మేధావులు అనవసరంగా బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు. ర్యామ్ ప్రమాణాలు రాసే జెడెక్ పెద్దలు ఆ సమస్యను చిన్న గాటుతో ఎప్పుడో తేల్చేశారు.

ర్యామ్ తరాల పేర్లు డీడీఆర్, డీడీఆర్2, డీడీఆర్3 ఇలా సాగుతాయి. డీడీఆర్2కి 240 పిన్నులు, డీడీఆర్3కీ 240. డీడీఆర్4కి 288, డీడీఆర్5కీ 288. అయినా ఒకదాని స్లాట్‌లో ఇంకోటి దిగదు. పిన్నుల మధ్య గాటు కాస్త పక్కకు జరిగింది మరి! అన్నీ కుదిరాక జాతకం దగ్గర తప్పిపోయిన సంబంధంలాంటిది. వోల్టేజి 1.8 నుంచి 1.5కి, 1.2కి, చివరికి 1.1కి దిగింది కాబట్టి, పొరపాటున పెడితే కాలిపోకుండా ఈ ఏర్పాటు. ఎంత జాలిగుండె! మనం మాత్రం కొత్త ర్యామ్‌తో పాటు కొత్త మదర్‌బోర్డు, దానికి సరిపడే ప్రాసెసర్ కొనుక్కుని క్షేమంగా ఉంటాం.

వేగం సంగతికొస్తే, ఒకప్పటి మొదటి తరం డీడీఆర్-400 సెకనుకు 3,200 మెగాబైట్లు అందించేది. డీడీఆర్5-4800 ఏకంగా 38,400 అందిస్తుంది. పన్నెండు రెట్లు, చప్పట్లు కొట్టాల్సిందే. కాకపోతే అడిగిన డేటాలో మొదటి ముక్క రావడానికి అప్పట్లో సీఎల్3 (అంటే డేటా కోసం ఆగాల్సిన క్లాక్ టిక్కులు మూడు) లెక్కన 15 నానోసెకన్లు పట్టేది. ఇప్పుడు సీఎల్40 లెక్కన 16 దాటింది. లోపల ఒక్కో బిట్‌నీ దాచుకునే బుల్లి కెపాసిటర్ తీరు పెద్దగా మారలేదు. ఒక్కసారి కదిపితే 2 బిట్లు తెచ్చే చోట 16 తెచ్చేలా చేశారంతే. అందుకే ప్యాకెట్ మీద 4800 అంకె ఆమడ దూరానికి కనిపిస్తుంది, సీఎల్ చదవాలంటే భూతద్దం కావాలి.

సన్నటి ల్యాప్‌టాప్‌లలో అయితే ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తున్నారు. గాటూ లేదు, గొడవా లేదు, పెంచుకునే ఆశా లేదు.

అన్ని తరాలకూ పనికొచ్చిన పరికరం ఒక్కటే: పెన్సిల్ రబ్బరు. సిస్టమ్ బీప్‌మంటే ర్యామ్ పీకడం, బంగారు రంగు పిన్నుల్ని రబ్బరుతో రుద్దడం, ఉఫ్‌మని ఊది టక్‌మనేదాకా నొక్కడం. డీడీఆర్5 ఈ విద్యకే ఎసరు పెట్టింది. మొదటిసారి ఆన్ చేస్తే అది తన సిగ్నళ్లను తానే సరిచూసుకుంటూ కొన్ని బోర్డుల మీద నిమిషాల తరబడి స్క్రీన్‌ని నల్లగానే ఉంచుతుంది. ఇక్కడ మనకు టెన్షన్. ప్లగ్ పీకి, రబ్బరు కోసం పిల్లల జామెట్రీ బాక్స్ వెతుకుతాం. రుద్ది మళ్లీ పెడితే పాపం, అది మొదటి నుంచి మొదలుపెట్టుకుంటుంది.