డాన్సర్‌ని డైరెక్టర్ కుర్చీలో కూర్చోబెడితే

ఫోక్ డాన్స్ ట్రూప్ అనగానే కళ్ళ ముందుకొచ్చేది ఒకటే, అందరికీ ఒకే డ్రెస్సు, ఒకే వరస, కాళ్ళన్నీ ఒక్కసారే లేవడం. హంగేరీలో 1951లో పుట్టిన స్టేట్ ఫోక్ ఎన్సెంబుల్‌ది కూడా ఇదే తరహా, అప్పట్లో తూర్పు యూరప్ అంతా మాస్కోలోని మొయిసెయెవ్ ట్రూప్‌ని చూసి ఆ దారి పట్టింది. దాన్ని తీసిపారెయ్యక్కర్లేదు, ఆ ట్రూప్‌కి డాన్సులు కూర్చిన మిక్లోష్ రాబాయి కొరియోగ్రఫీల్లో మంచి పనితనం ఉంది. కాకపోతే ఊళ్ళో ఎవరూ అలా ఆడరు.

ఈ తేడా మీదే జీవితమంతా పనిచేసినాయన షాండోర్ తీమార్. 1930లో పుట్టాడు, ముందు డాన్సరు, తర్వాత బుడాపెస్ట్‌లో బార్టోక్ ఎన్సెంబుల్ అనే డాన్స్ ట్రూప్ నడిపాడు, డాన్స్ టీచరు, ఆఖరికి 1981లో ఆ స్టేట్ ఎన్సెంబుల్‌కే డైరెక్టర్ అయ్యాడు.

ఆయనకి దారి చూపించింది జానపద డాన్సుల పరిశోధకుడు జ్యోర్జ్ మార్టిన్. ట్రాన్సిల్వేనియాలో (ఇప్పుడు రొమేనియాలో ఉంది) హంగేరియన్ల పల్లెల్లో మగవాళ్ళు ఆడే లెగేన్యెష్ అనే సోలో ఉంది, ఆడేవాడు ఫిడేలు వాళ్ళకి ఎదురుగా వచ్చి నిలబడి, చిటికెలేస్తూ మొదలెట్టి, కాలు ఎగరేసి బూటు మీద అరచేత్తో ఠపీమని కొడతాడు, ఒక ముక్క ముగించి మళ్ళీ ఇంకోటి అందుకుంటాడు. ఏ స్టెప్పు తర్వాత ఏ స్టెప్పనేది అప్పటికప్పుడు వాడిష్టం, కానీ పాట చరణం ఎక్కడ తెగితే వాడి ముక్కా అక్కడే తెగాలి. అంటే పైకి ఎంత స్వేచ్ఛ ఉన్నా లోపల గట్టి వ్యాకరణం ఉంది. మార్టిన్ అది కాగితం మీద పెట్టాడు, తీమార్ క్లాసులోకి తెచ్చాడు. ఐటమ్ బట్టీ పట్టించకుండా స్టెప్పులు, వాటిని కలిపే పద్ధతి నేర్పి ఆడుకోండి అని వదిలెయ్యడం, ఇదే ఆయన మెథడ్.

1972 మే 6న బుడాపెస్ట్‌లో మొదటి తాంత్స్‌హాజ్ (మాటకి అర్థం డాన్స్ ఇల్లు, అందరూ కలిసి ఆడుకునే సాయంత్రం) జరిగింది, ట్రాన్సిల్వేనియాలోని సేక్ అనే ఊళ్ళో కుర్రకారు వారం వారం కలిసి ఆడేదాని పద్ధతిలో. ఫెరెన్స్ షెబో, బేలా హల్మోష్ వాయించారు. అప్పటికి అది నాలుగు ట్రూపుల సొంత పార్టీ, అంతే. తర్వాత బార్టోక్ వాళ్ళు తలుపులు తెరిచి, స్టెప్పు రానివాళ్ళని కూడా రానిచ్చి నేర్పడం మొదలెట్టారు. నా లెక్కలో తీమార్ కెరీర్‌లో అన్నిటికన్నా పెద్ద పని ఇదే, ఆయన కొరియోగ్రఫీలన్నీ దీనికన్నా చిన్నవే. 2011లో యునెస్కో సంప్రదాయ కళల సంరక్షణకి మంచి నమూనాగా గుర్తించింది కూడా ఈ తాంత్స్‌హాజ్ పద్ధతినే.

మరి డైరెక్టర్ కుర్చీ? పదిహేనేళ్ళు, 1996 దాకా ఉన్నాడు. ఊరి డాన్సుని ఊరివాళ్ళ ఒంటి తీరుతో ఆడాలనే పట్టుదలని ప్రభుత్వ సంస్థలోకి తీసుకెళ్ళాడు, రాజముద్ర పడినట్టయింది. కానీ టిక్కెట్టు కొని కూర్చున్నవాడికి ప్రతి రాత్రీ ఒకే స్థాయి షో కావాలి, టూర్లకి గ్యారంటీగా నడిచే ప్రోగ్రాం కావాలి, అప్పటికప్పుడు పుట్టే డాన్సుకి అది ఎప్పుడూ ఇబ్బందే. ఎంత మంచి అడ్మినిస్ట్రేటరైనా ఈ చిక్కు పూర్తిగా విప్పలేడు, తీమార్ కూడా విప్పాడని నేననుకోను.

బహుశా ఆయనకీ తెలుసేమో, ఎందుకంటే ఇంకా కుర్చీలో ఉండగానే 1993లో భార్యతో కలిసి చిల్లగ్‌సెమూ అనే పిల్లల ట్రూప్ పెట్టాడు. అరవై దాటిన మనిషి, దేశంలో పెద్ద ప్రొఫెషనల్ ట్రూప్ చేతిలో ఉన్నా, మళ్ళీ మొదటి స్టెప్పు దగ్గర్నుంచి నేర్పడానికి చిన్నపిల్లల దగ్గరికే వెళ్ళాడు.