పోర్టు 25 మూసేశారు, ఒక్క మాటైనా చెప్పలేదు

మూడు రోజులుగా మా షాపు బిల్లులు ఒక్కటీ కస్టమర్లకు చేరలేదు. మెయిళ్లన్నీ అవుట్‌బాక్స్‌లోనే ఇరుక్కుపోయాయి. కస్టమర్ కేర్‌కు ఎన్నిసార్లు ఫోన్ చేసినా రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమనడమే. చివరికి తేలిందేమిటంటే, నెట్ కంపెనీ వాళ్లు పోర్టు 25, అంటే కంప్యూటర్ నుంచి మెయిళ్లు బయటికి వెళ్లే ఒక దారి, మూసేశారు.

వైరస్ పట్టిన కంప్యూటర్లు, యజమానికే తెలియకుండా, ఆ దారిలోనే వేలకొద్దీ స్పామ్ మెయిళ్లు పంపుతాయి. కాబట్టి మూయడం తప్పనను. లాగిన్ అయి పంపేవాళ్లకు పోర్టు 587 అనే వేరే దారి ఉంది, 1998 నుంచీ ఉంది. మా పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ నంబర్ మార్చి, పాస్‌వర్డ్ పెడితే ఐదు నిమిషాల్లో పనైపోయింది.

ఆ సంగతి ముందే ఒక్క మెసేజ్‌లో చెప్పడానికి ఏం అడ్డొచ్చింది? రీఛార్జ్ గడువు దగ్గరపడితే మాత్రం రోజూ గుర్తుచేస్తారే! డబ్బు అందక సప్లయర్ దగ్గర మాటలు పడ్డాను. ఆ టెన్షన్‌కు ఎవరు జవాబు చెబుతారు?