వీధి చివరిదాకా వెళ్లి వస్తే టెస్ట్ రైడ్ అవుతుందా?

మారతహళ్లి సిగ్నల్ దగ్గర క్లచ్ నొక్కి నొక్కి ఎడమ మణికట్టు లాగేసే ఈ బెంగళూరులో, మధ్యస్థాయి క్రూయిజర్ (కాళ్లు ముందుకు చాచి కూర్చునే బైకు) కొనాలనుకునేవారికి షోరూమువారు ఇచ్చే టెస్ట్ రైడ్ వీధి చివరిదాకా వెళ్లి తిరిగి రావడమేనా? రాయల్ ఎన్‌ఫీల్డ్ క్రూయిజర్లే చూడండి: మీటియర్ 350 బరువు 191 కిలోలు, సూపర్ మీటియర్ 650 బరువు 241 కిలోలు. ఆ 50 కిలోల తేడా సిల్క్ బోర్డు కూడలి రద్దీలోనూ, బేస్‌మెంట్ పార్కింగు వాలులో బండిని వెనక్కి తోసేటప్పుడూ తెలుస్తుంది గాని, ఖాళీ సందులో ఎలా తెలుస్తుంది? కాళ్లు ముందుకు చాచి కూర్చున్నప్పుడు గుంతల దెబ్బ నేరుగా నడుముకే తగులుతుందని చెప్పేవారెవరు?

ధర అడిగితే మరో బాధ. 2025 సెప్టెంబరు నుంచి 350 సీసీ వరకు ఇంజిన్ ఉన్న బైకులపై జీఎస్టీ 18 శాతం, అది దాటితే 40 శాతం అని పన్ను రేట్లు అంత స్పష్టంగా ఉన్నప్పుడు, కొటేషన్‌లోకి హ్యాండ్లింగ్ చార్జీలు, మనం అడగని క్రాష్ గార్డు, వాళ్లకు నచ్చిన కంపెనీ బీమా ఎందుకు దూరుతున్నాయి? బీమా ఎక్కడ తీసుకోవాలో నిర్ణయించుకునే హక్కు కొనేవారిదే కదా! "సార్, ప్యాకేజీ అంతే" అన్న ఒక్క ముక్కతో లక్షల రూపాయల వ్యవహారాన్ని తేల్చేయడం అన్యాయం. ప్రతి రూపాయికీ లెక్క కాగితం మీద రాసివ్వండి, బండిని కనీసం ఒక గంట అసలైన రద్దీలో నడపనివ్వండి.