ఆ తలుపు మనం తీసింది కాదు

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది సభలో ఒకాయన మైకు పట్టుకుని, "మనం ఇక్కడికి ఎవరి దయతోనూ రాలేదు. మన చదువు, మన కష్టమే తీసుకొచ్చాయి" అన్నారు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. ఇంటికొస్తుంటే కారులో మా అమ్మాయి అడిగింది: "మరి 1950ల్లో ఎందుకు రాలేదు నాన్నా? అప్పటి తెలుగువాళ్ళు కష్టపడేవాళ్ళు కాదా?" ఆ వారమే వాళ్ళ స్కూల్లో 1965 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టం పాఠం అయిందట. నేను ఏదో చెప్పి దాటేశాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

కష్టపడేవాళ్ళు అప్పుడూ ఉన్నారు. యల్లాప్రగడ సుబ్బారావు గారినే తీసుకోండి. 1895లో భీమవరంలో పుట్టారు. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. మద్రాసులో వైద్యం చదువుతూ గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. అది ప్రొఫెసర్‌కి గిట్టలేదు. చివరికి ఎంబీబీఎస్ బదులు అంతకంటే తక్కువైన ఎల్‌ఎంఎస్‌తో బయటికి రావలసి వచ్చింది. 1920ల మొదట్లో బోస్టన్ చేరి, ఆస్పత్రిలో నైట్ పోర్టర్‌గా పని చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు. అక్కడ స్థిరమైన పదవి దొరక్క లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళారు. బోదకాలు రాకుండా మన గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర, గర్భిణులకి ఇచ్చే ఫోలిక్ యాసిడ్, క్యాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్, ఈ మూడింటి వెనకా ఆయన చెయ్యి ఉంది. ఇంతకంటే చదువూ కష్టమూ ఏ తెలుగువాడు చూపించగలడు? అయినా ఆయన ఈ దేశంలో పరాయివాడిగానే బతికారు. పౌరసత్వం లేకుండానే 1948లో కన్నుమూశారు.

సుబ్బారావు గారి ప్రయాణానికి అండగా నిలిచినవాటిలో కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఒకటి. మా నాన్న ఆ సంస్థ బడిలో చదువుకున్నాడు కాబట్టి ఆ పేరు మా ఇంట్లో తరచూ వినపడేది. నాయకర్ గారు కోరంగి ప్రాంతంలో పేద మత్స్యకార కుటుంబంలో పుట్టి, కూలి కోసం ఓడెక్కి రంగూన్ వెళ్ళి, రేవులో సరుకు దింపించే కాంట్రాక్టరుగా ఎదిగారు. సంపాదించింది పేద పిల్లల చదువు కోసం రాసి వెళ్ళారు.

అప్పట్లో రంగూన్ వెళ్ళినవాళ్ళందరూ నాయకర్లు కాలేదు. ఇది కాస్త ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే మన సావనీర్లలో వాళ్ళ ఊసే ఉండదు. కూలీలని కుదిర్చే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా రేవులో మూటలు మోసినవాళ్ళు, రైస్ మిల్లుల్లో, రిక్షాల దగ్గర ఒళ్ళు అరగదీసుకున్నవాళ్ళు వేలమంది. బర్మాలో మనవాళ్ళ పేరే కోరంగీలు అయిపోయింది. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే యజమానులు బర్మా కూలీలని తెచ్చారు. సమ్మె ముగిశాక వాళ్ళని పంపేసి మళ్ళీ తెలుగువాళ్ళని పనిలోకి తీసుకున్నారు. రెండు పేద గుంపులు వీధుల్లో కొట్టుకు చచ్చాయి. కూలి తగ్గించుకోవడానికి ఇద్దరినీ వాడుకున్నవాళ్ళు మాత్రం క్షేమంగా ఉన్నారు. 1942లో జపాన్ సైన్యం వస్తుంటే ఎంతోమంది పిల్లాజెల్లాతో అడవులు దాటి నడిచి వచ్చారు. విశాఖపట్నంలో ఇప్పటికీ బర్మా క్యాంపు ఉంది. విదేశాల్లో తెలుగువాళ్ళ చరిత్ర ఐటీతో మొదలవలేదు. ఆకలితో మొదలైంది.

ఇక అమెరికా. 1790 చట్టం తెల్లవాళ్ళకే పౌరసత్వం అంది. 1870లో ఆఫ్రికా సంతతివాళ్ళని చేర్చారు. మనం ఆ రెండింట్లోనూ లేము. అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ భగత్ సింగ్ థింద్ సుప్రీం కోర్టుకి వెళ్ళారు. ఆయన తరఫు వాదన ఏమిటో తెలుసా? నేను పై కులం హిందువుని, ఆర్య రక్తం నాది, కాబట్టి నేనూ తెల్లవాణ్ణే అని. కింది కులాలవాళ్ళని మేము ఎంత దూరం పెడతామో చూడండి అని కూడా చెప్పుకున్నారు. 1923 ఫిబ్రవరిలో కోర్టు కుదరదంది. అంతకుముందు పౌరసత్వం పొందిన భారతీయుల నుంచి కూడా ప్రభుత్వం దాన్ని లాక్కోవడం మొదలుపెట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో కొట్టు నడుపుకునే వైష్ణో దాస్ బగాయ్ అలా పౌరసత్వం పోగొట్టుకుని 1928లో ప్రాణం తీసుకున్నారు.

థింద్ మీద నాకు జాలి ఉంది. ఆ రోజుల్లో కోర్టులో నెగ్గడానికి ఇంకో దారి ఆయనకి కనపడి ఉండకపోవచ్చు. కానీ ఆ వాదనలోని తప్పుని మనం గుర్తుపట్టాలి. గోడ ఉండటం అన్యాయం అని ఆయన అనలేదు. నన్ను గోడకి అటువైపు చేర్చుకోండి అన్నారు, అదీ సొంత ఊరి గోడని సాక్ష్యంగా చూపించి. 1946లో చట్టం మారింది. పౌరసత్వం ఇస్తామన్నారు, కోటా ఏడాదికి 100 మంది. భారతదేశం మొత్తానికి.

మా అమ్మాయి ప్రశ్నకి జవాబు ఆ అంకెలో ఉంది. ఏడాదికి 100 మంది కోటాలో ఎంత కష్టపడితే మాత్రం ఎవరు వస్తారు?

ఆ గోడని కూల్చినవాళ్ళు వేరే. 1965 మార్చి 7న అలబామాలోని సెల్మాలో సుమారు 600 మంది నల్లవాళ్ళ ఓటు హక్కు కోసం నడుచుకుంటూ ఎడ్మండ్ పెట్టస్ వంతెన దాటితే పోలీసులు లాఠీలతో, టియర్ గ్యాస్‌తో విరుచుకుపడ్డారు. ముందుండి నడిపించినవాళ్ళలో ఒకరైన జాన్ లూయిస్ తల పగిలింది. ఆ ఆగస్టులో ప్రెసిడెంట్ జాన్సన్ సంతకంతో ఓటు హక్కు చట్టం వచ్చింది. అక్టోబర్ 3న అదే ప్రెసిడెంట్ జాన్సన్ పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పెట్టే పద్ధతిని రద్దు చేస్తూ సంతకం పెట్టారు. పుట్టుకని బట్టి మనిషికి విలువ కట్టడం తప్పు అని నల్లవాళ్ళు దేశం చేత ఒప్పించారు. ఆ మాట ఒప్పుకున్నాక ఇమ్మిగ్రేషన్ కోటాలని సమర్థించుకోవడం కష్టమైపోయింది. ఆ వంతెన మీద నడిచినవాళ్ళకి గుంటూరు, వరంగల్ పేర్లు కూడా తెలిసి ఉండవు. వాళ్ళు తీసిన తలుపులోంచే డాక్టర్లుగా, ఇంజనీర్లుగా, తరవాత హెచ్‌1బీ ఉద్యోగ వీసాల మీద మనం వచ్చాం.

ఇప్పుడు మనం ఏం చేస్తున్నాం? గ్రీన్ కార్డులో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి మీద మనకి ఎంత బాధో నాకు తెలుసు. మా ఇంట్లోనూ ఏళ్ళ తరబడి ఆ టెన్షన్ అనుభవించాం. పుట్టిన దేశాన్ని బట్టి క్యూలో వెనక నిలబెట్టడం అన్యాయమే. అయితే ఆ మాటన్న నోటితోనే కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, ఇంకా తేలకపోతే "అంటే మీరు..." అని ఆగి చూస్తాం. రూమ్మేట్ దగ్గర, పెళ్ళి సంబంధం దగ్గర, సంఘం ఎన్నికల ప్యానెల్ దగ్గర ఆ చూపు పని చేస్తూనే ఉంటుంది. మన సంఘాలు ఎందుకు ఇన్ని ముక్కలయ్యాయో ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. 2023లో సియాటిల్ నగరం కులవివక్షని నిషేధిస్తే మనలో చాలామంది అది మనకి అవమానం అన్నారు. అవమానం ఆ చట్టంలో లేదు. అలాంటి చట్టం కావాల్సి రావడంలో ఉంది.

కష్టానికి విలువ లేదని నేననను. మా నాన్న వీధి దీపం కింద చదివాడు, నేను రెండు ఉద్యోగాలు చేశాను. కానీ ఆ రెండు కష్టాలకీ ముందు రంగూన్ రేవులో మూట మోసిన డబ్బుంది. సెల్మాలో పగిలిన తల ఉంది. అవి లేకుండా మా కథ చెప్పుకుంటే పిల్లలకి అబద్ధం చెప్పినట్టే. ఆదివారం తెలుగు బడిలో పోతన పద్యంతో పాటు ఈ రెండూ చెప్పాలని నా కోరిక.

మన సంఘం నియమావళిలో సభ్యత్వానికి మతం, ప్రాంతం అడ్డు కావని ఉంది. కులం అనే మాట లేదు. ఆ మాట చేర్చాలని వచ్చే జనరల్ బాడీ సమావేశంలో నేను తీర్మానం పెడుతున్నాను. చర్చకి రావాలంటే బలపరిచే సభ్యులు ఒక్కరు కావాలి. ఆ ఒక్కరూ మీరే అయితే ముందు వరుసలోనే ఉంటాను, పలకరించండి.