మా పెదనాన్నది ఆర్మీ కాదు, నేవీ

గత డిసెంబరులో మన అమెరికా తెలుగు సంఘం హైదరాబాద్‌లో జరిపిన సేవా కార్యక్రమాల ముగింపు సభకి మీలో చాలామంది వచ్చే ఉంటారు. రవీంద్రభారతి మెట్ల మీద ఫొటోలు దిగిన గుంపులో నేనూ ఉన్నాను. ఆ సాయంత్రం 'మాజీ సైనికులకు సన్మానం'లో వేదికెక్కిన పన్నెండు మందిలో మూడో ఆయన మా పెదనాన్న. యాంకర్ పేరు చదివి 'సరిహద్దుల్లో తుపాకీ పట్టి మనల్ని కాపాడిన ఆర్మీ జవాన్' అంది. శాలువా కప్పారు. చేతిలో పెట్టిన జ్ఞాపిక మీద తుపాకీ పట్టుకున్న సైనికుడి బొమ్మ ఉంది. పన్నెండు మందికీ కలిపి నాలుగు నిమిషాలు. తర్వాత డాన్సు మొదలైంది.

పెదనాన్న ఆర్మీలో ఒక్క రోజు కూడా పనిచేయలేదు. పదిహేనేళ్ళు నేవీలో స్టోకర్, అంటే ఓడ బాయిలర్ల దగ్గర పనిచేసే నావికుడు. ఆ రోజు ఆయన కోటు జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. 'రెండు మాటలు మాట్లాడాలి సార్' అని సభ నడిపేవాళ్ళు ముందు ఫోన్లో చెప్పారట. అందుకని వారం రోజులు కూర్చుని రాసుకున్నారు. మైకు ఆయన దాకా రాలేదు. కారెక్కాక నేనేదో అనబోతే, 'టైం అయిపోయింది గదా, వాళ్ళేం చేస్తరు. ఇంటికి పోదాం పా బిడ్డా' అన్నారు. నేరేడ్‌మెట్ చేరేదాకా మళ్ళీ నోరు విప్పలేదు.

పెదనాన్న పుట్టింది భువనగిరి దగ్గర పల్లెటూళ్ళో. పదిహేడేళ్ళు వచ్చేదాకా ఆయన చూసిన నీళ్ళు ఊరి చెరువు, హుస్సేన్ సాగర్, అంతే. 1967లో భర్తీ అయి, విశాఖపట్నంలో ఐఎన్ఎస్ సర్కార్స్ అనే నేవీ స్థావరంలో దిగిన రోజు సముద్రం ముందు నిలబడి 'దీని అవతలి గట్టు ఎక్కడుంది?' అన్నారట. పక్కన నిలబడ్డ అనంతపురం కుర్రాడు నవ్వలేదట. 'నాకూ కనబడ్డం లేదు' అన్నాడట. అలా ఇద్దరూ స్నేహితులయ్యారు.

సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్కన పెరిగిన మాకు ఫౌజీ అంటే ఆర్మీయే. యాంకర్ పొరపాటు కూడా అక్కడిదే, ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను. కానీ 1958లో నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి అయిన అడ్మిరల్ రామ్‌దాస్ కఠారి ఈ జంటనగరాల్లో చదువుకున్నవాడే. ఆయన పేరు మన సభల్లో ఒక్కసారైనా విన్న గుర్తు నాకు లేదు.

లోనావ్లాలో ఐఎన్ఎస్ శివాజీ అనే నేవీ శిక్షణ కేంద్రంలో ట్రైనింగ్ అయ్యాక పెదనాన్నని విమానవాహక నౌక పాత విక్రాంత్ మీద వేశారు. విక్రాంత్ అనగానే మనకు గుర్తొచ్చేది డెక్కు మీంచి లేచే విమానం. ఈయన ఉన్నది దానికి ఎన్నో అంతస్తుల కింద, బాయిలర్ రూములో. ఒళ్ళంతా నూనె, చెమట. నాలుగు గంటలకొక వాచీ, అంటే డ్యూటీ వంతు. అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా ఉండే మిడిల్ వాచీ అంటే అందరికీ భయమే. 1971లో విక్రాంత్ బాయిలర్లలో ఒకదానికి పగుళ్ళు వచ్చాయి. ఓడ పూర్తి వేగంతో పోలేని స్థితి. ఆ ఓడనే యుద్ధానికి తీసుకెళ్ళారు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విక్రాంత్‌ని వెతుక్కుంటూ బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్ అండమాన్ వైపు ఉంటే, విశాఖలోనే ఉందని శత్రువు నమ్మేలా మనవాళ్ళు ఏర్పాట్లు చేశారు. డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో ఘాజీ విశాఖ బయటే మునిగిపోయింది. 4న విక్రాంత్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద బాంబులు వేశాయి. ఆ రాత్రే పడమట మన మిసైల్ బోట్లు కరాచీని కొట్టాయి. నేవీ డే ఆ తేదీనే జరుపుకుంటాం. మన సభ జరిగింది కూడా ఆ రోజులకి దగ్గర్లోనే.

ఆ యుద్ధంలో పెదనాన్న ఒక్క విమానాన్నీ కంటితో చూడలేదు. విక్రాంత్ మీద విమానాన్ని ముందుకు విసిరేది ఆవిరి. ఆ ఆవిరి వచ్చేది బాయిలర్ల నుంచి. 'పైన ఒకటి లేచినప్పుడల్లా ఇక్కడ గేజీ ముల్లు కిందికి పడేది. ముల్లు పడితే ఒకటి పోయిందని లెక్కపెట్టుకునేవాళ్ళం. తిరిగొచ్చినప్పుడు మాత్రం ముల్లు కదలదు. ఎన్ని వచ్చినయో వాచీ దిగి పైకి పోతేగాని తెల్వదు' అన్నారు. ఈ మాట ఆయన నాతో అన్నది సభ అయిన మర్నాడు. అప్పటికి నాకు నలభై ఆరేళ్ళు.

నిజం చెప్పాలంటే అసలు గుచ్చుకుంది అదే. పెదనాన్న నేవీని మేం ఇంట్లో విసుగ్గానే చూశాం. ఓడ మీద మంచినీళ్ళకి కటకట కాబట్టి ఆయన ఇప్పటికీ రెండు మగ్గుల నీళ్ళతో స్నానం ముగిస్తారు. చిన్నప్పుడు వేసవి సెలవులకి వెళ్తే మాకూ అదే రూలు. కుళాయి కారితే అరిచేవారు, రాత్రి పదింటికి లైట్లు ఆర్పేసేవారు. పిల్లలమంతా చాటుగా పిసినారి అనేవాళ్ళం. అవి గుర్తొస్తే ఇప్పుడు కళ్ళు చెమరుస్తాయి. పెద్దమ్మ వంటింట్లో కుక్కర్ పెడితే ఆయన హాల్లోంచే చప్పుడు విని 'వాషర్ పోయింది, మార్చు' అంటారు. చూస్తే నిజంగానే పోయి ఉంటుంది. నేవీ వదిలాక హైదరాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో రిటైరయ్యేదాకా చేసింది కూడా బాయిలర్ పనే.

ఇక్కడ న్యూజెర్సీలో నవంబరు 11, మాజీ సైనికుల రోజు (వెటరన్స్ డే) వస్తే మా అమ్మాయి స్కూల్లో తాతలు, మామయ్యలు యూనిఫారాల్లో వచ్చి కూర్చుంటారు. ఒక్కొక్కరూ ఏ ఓడ, ఏ పటాలం, ఏం పని చేశారో పిల్లలే ముందు అడిగి రాసుకుని చదువుతారు. 'మనింట్లో ఎవరైనా ఉన్నారా అమ్మా?' అని నాలుగేళ్ళ కిందట మా అమ్మాయి అడిగింది. 'పెద్ద తాతయ్య నేవీలో చేశారు, కానీ అది ఇండియాలో కదా' అని ఊరుకున్నాను. అంతకుమించి చెప్పడానికి నాకేమీ తెలియదు. ఓడ పేరు కూడా తెలియదు.

మన సంఘం వాళ్ళ కష్టం నాకు తెలుసు. రెండేళ్ళు రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర నేనూ కూర్చున్నాను. సొంత టికెట్లు కొనుక్కుని, ఉద్యోగాలకి సెలవు పెట్టి వచ్చి, పగలంతా వైద్య శిబిరాల్లో తిరిగి, రాత్రి సభ నడిపేవాళ్ళు వాళ్ళు. దాతలు లేకపోతే ఏదీ జరగదు, వాళ్ళని పిలిచి రెండు మాటలు చెప్పించడం న్యాయమే. శాలువాని తీసిపారేసే మనిషిని కూడా కాదు నేను. పెద్దమ్మ ఆ శాలువాని మడతపెట్టి బీరువాలో పట్టుచీరల పక్కన పెట్టింది. ఇంటికి ఎవరొచ్చినా తీసి చూపిస్తోంది. కానీ పన్నెండు మందిని పిలిచి ఒక్కరినీ మాట్లాడనివ్వకపోవడం కంటే, నలుగురిని పిలిచి నలుగురి మాటా వినడం మంచిది కాదా?

సభ మర్నాడు ఆ కాగితం చదవమని అడిగాను. వరండాలో కూర్చుని చదువుతారనుకున్నాను. లేచి, చొక్కా సర్దుకుని, నిలబడి చదివారు. అందులో తన గురించి ఒక్క ముక్క లేదు. బాయిలర్ రూములో తన వాచీలో ఉన్న ఆరుగురి పేర్లు, వాళ్ళ ఊళ్ళు. ఆఖర్న ఆ అనంతపురం స్నేహితుడి పేరు. 1971 డిసెంబరు 9 రాత్రి డయ్యూ తీరానికి దూరంగా పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ టార్పెడోకి ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగిపోయింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో కలిపి 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ ముల్లా పేరు చాలామంది విన్నారు. ఆ 176 మందిలో ఒకడు ఈ స్నేహితుడు. పేరు కింద పెదనాన్న ఒకే వాక్యం రాసుకున్నారు: 'బావిలో నేర్చుకున్నాడు, ఈత నాకంటే బాగా వచ్చు.' అది చదివాక ఆగిపోయి, కాగితం మడిచేశారు. మొత్తం నిమిషం నలభై సెకన్లు. ఫోన్లో రికార్డు చేశాను కాబట్టి లెక్క తెలుసు.

వచ్చే డిసెంబరు సభకి జాబితా వేస్తున్నవాళ్ళని బతిమాలుకుంటున్నాను. పేరు, ఫోన్ నంబరుతో ఆగకండి. ఏ దళం, ఏ ఓడ, ఏ పటాలం, అక్కడ చేసిన పనేమిటి, ఎవరి పేరు తలుచుకోవాలనుకుంటున్నారు అని వారం ముందే అడగండి. కల్నళ్ళు, కమాండర్లతో పాటు వంటవాళ్ళు, డ్రైవర్లు, స్టోకర్లని కూడా పిలవండి. వాళ్ళ భార్యలనీ వేదిక మీదికి పిలవండి. 'ఫ్లీట్ మెయిల్ ఆఫీస్' అన్న అడ్రసు మీద, ఓడ ఎక్కడుందో తెలియకుండానే ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసిన మనిషి మా పెద్దమ్మ. జ్ఞాపికలు లేకపోయినా ఫర్వాలేదు. మనిషికి మూడు నిమిషాలు మైకు ఇవ్వండి. చదువుతూ ఆగిపోతే కాసేపు ఎదురుచూడండి, పాట వేయకండి.

మీ ఇళ్ళల్లో అలాంటివాళ్ళుంటే సభ దాకా ఆగొద్దు. ఈ ఆదివారమే ఫోన్ చేసి అడగండి. మా పెదనాన్నని మళ్ళీ పిలవాలని సంఘానికి అనిపిస్తే నంబరు నా దగ్గర తీసుకోండి. తెల్లవారుజామున నాలుగింటికే లేస్తారు, ఎప్పుడు చేసినా ఎత్తుతారు. ఆ కాగితం ఇంకా ఆయన దగ్గరే ఉంది.