ఏ సెక్షన్ కింద ఈ రాజీ?

రాజాం దగ్గర ఒక ఊళ్లో ఇంటిదగ్గరే జాకెట్లు కుట్టుకుని బతికే మహిళ ఒకరు డ్వాక్రా అప్పు తీసి, 18 వేలు పెట్టి మోటారు కుట్టుమిషను కొన్నారు. నెల తిరక్కుండానే అది మూలపడింది. దుకాణంవారి మాట శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండింటిలోనూ అందరూ ఎప్పుడో ఒకప్పుడు విన్నదే: 'కంపెనీవోళ్లని అడగాల గానీ మమ్మల్ని అడుగుతావేటమ్మా?' ఆమె అర్జీ రాయించుకుని ఒక ప్రభుత్వ కార్యాలయం మెట్లెక్కారు. అక్కడివారు దుకాణదారును పిలిపించారు. మిషను అతనికి వాపసు చేయించి, ఆమెకు 9 వేల చెక్కు ఇప్పించారు. 'ఈ విషయమై ఇక ఎక్కడా ఫిర్యాదు చేయను' అని తెల్లకాగితం మీద ఆమెచేత రాయించుకున్నారు. అర్జీ 'పరిష్కారమైంది' అని నమోదు చేసుకున్నారు. మిషను పోయింది, సగం డబ్బు పోయింది. అప్పు మాత్రం వడ్డీతో సహా ఆమెదే.

దుకాణం పేరూ, కార్యాలయం పేరూ మేం రాయడం లేదు. ఒక పేరు రాస్తే జబ్బంతా అక్కడే ఉందనుకుంటారు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనూ, విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కలా, టెక్కలి, పలాస, బొబ్బిలి బజార్లలోనూ ఇలాంటి రాజీలు రోజూ కుదురుతున్నాయని మా పాఠకుల ఉత్తరాలే చెబుతున్నాయి. దుకాణదారు మోసం చేయడం వార్త కాదు. ఆ మోసానికి సర్కారు కుర్చీలో కూర్చున్నవారు సగం ధర కట్టి, దానికి పరిష్కారమని పేరు పెట్టడమే మా అభ్యంతరం.

చట్టం ఏమంటోందో ఆ కుర్చీలోని వారికి తెలియదనుకోలేం. 2020 జులై నుంచి అమల్లో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో 2(47) సెక్షన్ తిరగేస్తే చాలు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. సరుకమ్మి బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని గల్లాపెట్టె వెనక ఎంత పెద్ద అక్షరాలతో రాసి వేలాడదీసినా లోపమున్న సరుకు విషయంలో ఆ బోర్డుకు విలువ లేదు. చట్టం డబ్బు తిరిగివ్వమంది. సగం ఇవ్వమని ఎక్కడా అనలేదు.

కంపెనీని అడగమనడం మరో బుకాయింపు. తయారీదారు మీదా అమ్మకందారు మీదా కలిపి ఒకే ఫిర్యాదు వేయవచ్చు. తప్పు ఎవరి వాటా ఎంతో తేల్చాల్సింది వినియోగదారుల ఫిర్యాదులు విచారించే జిల్లా కమిషన్. కుట్టుమిషను మోసుకుంటూ ఊరూరా తిరిగి ఆ లెక్క తేల్చే బాధ్యత కొన్నావిడది కాదు.

దుకాణదారు మరో మాట కూడా అన్నాడట: 'కుట్టుపనికి కొన్నావు, వ్యాపారం కింద లెక్క, నీకు ఆ చట్టం వర్తించదు.' ఈ మాట ఎక్కడ నేర్చుకున్నాడో గానీ బాగానే నేర్చుకున్నాడు. చట్టంలో ఆ మాటకు జవాబూ ఉంది. స్వయం ఉపాధితో పొట్టపోసుకునేందుకు కొన్నది వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని అందులో వివరణే రాశారు. ఇదే వాదనతో రైతుల్నీ బెదరగొడుతుంటారు. మొలకెత్తని విత్తనాల మీద ఉమ్మడి రాష్ట్ర రైతులు వేసిన కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2012లో జాతీయ విత్తన సంస్థ వాదనను తోసిపుచ్చి, రైతు వినియోగదారుడేనని కోర్టు తేల్చింది. పరీక్షకు పంపేందుకు కొన్ని గింజలు దాచి ఉంచలేదేమని రైతును అడగడం కూడా సబబు కాదంది. ఏటా ఖరీఫ్ ముందు విత్తన దుకాణాల దగ్గర బారులు తీరే మన రైతుల్లో ఎందరికి ఈ తీర్పు సంగతి తెలుసు? వ్యవసాయ శాఖ కార్యాలయాల గోడల మీద ఇదొక్కటి రాయించినా కొంత మేలు.

రాజీ తప్పేమీ కాదని, మధ్యవర్తిత్వాన్ని చట్టమే ప్రోత్సహిస్తోందని, ఆన్‌లైన్ కంపెనీల పోటీతో చితికిన చిన్న వ్యాపారిని కోర్టుకీడ్చడం న్యాయం కాదని అనేవారున్నారు. నిజమే, చట్టంలో మధ్యవర్తిత్వం ఉంది. ఎలా ఉందో కూడా చదవాలి కదా. ఫిర్యాదు కమిషన్ ముందుకు వచ్చాక, ఇరుపక్షాలూ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే మధ్యవర్తికి అప్పగిస్తారు. కుదిరిన ఒప్పందాన్ని కమిషన్ రికార్డు చేసి ఉత్తర్వు ఇస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి కంపెనీతో మాట్లాడించుకున్నా ఒక నంబరు పడుతుంది, ఒక జాడ మిగులుతుంది. కార్యాలయం వరండాలో రాయించిన కాగితానికి ఏ నంబరుంది? ఏ ఉత్తర్వుంది? రేపు ఆ 9 వేల చెక్కు చెల్లకపోతే ఎవరిని పట్టుకోవాలి? కమిషన్ ఉత్తర్వును ధిక్కరిస్తే నెల నుంచి మూడేళ్ల దాకా జైలో, 25 వేలకు తగ్గకుండా లక్ష దాకా జరిమానానో, లేదా రెండూనో పడతాయి. తెల్లకాగితాన్ని ధిక్కరిస్తే పడేది చెత్తబుట్టలో.

మా అసలు భయం ఆ ఒక్క మహిళ పోగొట్టుకున్న 9 వేలు కాదు. ఆ 9 వేలు ఇక ఆనవాయితీ అవుతుంది. పట్టుబడితే సగం ఇస్తే చాలని ఒక దుకాణదారుకు తెలిసిందంటే, సాయంత్రానికి బజారంతా తెలుస్తుంది. పదిమందికి పాడైన సరుకు అమ్మితే తొమ్మండుగురు నోరు మూసుకుంటారు, అడిగిన ఒక్కరికీ సగం ముట్టజెబితే సరిపోతుంది. ఇంతకంటే లాభసాటి వ్యాపారం ఉంటుందా? రేపు ఫ్రిజ్ కొన్నవారికీ, పంపుసెట్టు కొన్న రైతుకీ, కోచింగ్ ఫీజు కట్టిన తండ్రికీ ఇదే రేటు చెబుతారు. 'మొన్న ఫలానా ఆవిడ సగానికి ఒప్పుకుంది కదా, నువ్వేం గొప్ప?' అని అధికారే అడుగుతాడు. హక్కుకు ఒకసారి బేరం కుదిరాక ఆ బేరమే ధర అవుతుంది.

అంతకంటే పెద్ద నష్టం కంటికి కనిపించనిది. ఒకే దుకాణం మీద, ఒకే కంపెనీ సరుకు మీద ఇరవై ఫిర్యాదులు రికార్డుకెక్కితే అది ఇరవైమంది సమస్య కాదు, వినియోగదారులందరి సమస్య అని తేలుతుంది. అలాంటివాటిపై విచారణ జరిపే అధికారాన్ని 16వ సెక్షన్ నేరుగా జిల్లా కలెక్టర్‌కే ఇచ్చింది. ఆ నివేదిక ఢిల్లీలోని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు వెళ్తే, ప్రమాదకరమైన సరుకును మార్కెట్ నుంచి వెనక్కి రప్పించవచ్చు, దాన్ని కొన్నవారందరికీ డబ్బు తిరిగి ఇప్పించవచ్చు. ఇరవై అర్జీలనూ ఇరవై రాజీలతో మాపేస్తే కలెక్టర్ బల్ల మీదికి చేరేదేమిటి? శూన్యం. ఆ శూన్యాన్నే చూపించి 'జిల్లాలో వినియోగదారుల ఫిర్యాదులు తక్కువ' అని సమీక్షా సమావేశాల్లో చెప్పుకుంటారు.

సంతకం పెట్టేశాను, ఇక నా పని అయిపోయినట్టేనా అని అడిగే పాఠకులకు ఒక మాట. అయిపోలేదు. బీమా సొమ్ము ముట్టినట్టు వోచరు మీద సంతకం చేసినంత మాత్రాన వినియోగదారు హక్కు పోదని, బెదిరింపుతోనో తప్పుడు మాటలతోనో ఆ సంతకం పెట్టించారని చూపగలిగితే కమిషన్ మిగతాది ఇప్పించవచ్చని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది. కొన్న విలువ 5 లక్షల లోపైతే రుసుము ఒక్క రూపాయి కూడా లేదు. సరుకు ఎక్కడ కొన్నా, మీరున్న జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. 50 లక్షల దాకా విలువైనవి ఇక్కడే తేలతాయి. లాయరు లేకపోయినా మీరే మాట్లాడుకోవచ్చు.

ఇంత సుళువైతే జనం ఆ వరండాలకు ఎందుకు వెళ్తున్నారు? ఎందుకంటే మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని చట్టంలో రాసిన గడువు కాగితానికే పరిమితమైంది. దేశవ్యాప్తంగా కమిషన్లలో ఖాళీల మీద 2021లో సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టాల్సి వచ్చిందంటే ప్రభుత్వాల శ్రద్ధ ఎంతో తెలుస్తూనే ఉంది. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం నూరు కిలోమీటర్ల పైమాటే. వాయిదాకో రోజు కూలి పోగొట్టుకుని అంత దూరం వచ్చేవారికి వాయిదా మీద వాయిదా వేస్తే, చేతికొచ్చిన 9 వేలే మహాభాగ్యంగా కనిపిస్తుంది. ఆ నిస్సహాయతే పెట్టుబడిగా రాజీలు చేయిస్తున్నవారిని దయామయులనుకోవాలా? ఆన్‌లైన్‌లో ఫిర్యాదు వేసుకోవచ్చని చెప్పేవారు, డ్వాక్రా సంఘాల సమావేశంలో ఒక్కసారైనా ఆ పని చేసి చూపించారా?

రెండు జిల్లాల కలెక్టర్లను సూటిగా అడుగుతున్నాం. మీ కార్యాలయాల్లో 'రాజీ' అని ముగించిన వినియోగదారుల అర్జీలెన్ని? ఎంత సరుకుకు ఎంత సొమ్ము ఇప్పించారు? ఆ దుకాణాల పేర్లు ఒక్కచోట రాసి చూశారా? ఆ జాబితా బయటపెట్టండి. ఇకమీదట వచ్చే ప్రతి అర్జీని, రాజీ మాట ఎత్తకముందే, కమిషన్‌కు ఎలా వెళ్లాలో రాసిన కాగితంతో కలిపి అర్జీదారు చేతిలో పెట్టమని ఉత్తర్వివ్వండి. దానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

మరో సంగతి. ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన వినియోగదారుల రక్షణ మండలి ఉండాలని, ఏడాదికి కనీసం రెండుసార్లు సమావేశం కావాలని చట్టం చెబుతోంది. రెండే రెండుసార్లు! మీ మండలి ఎప్పుడు కూర్చుందో, ఏం తీర్మానించిందో మినిట్స్‌తో సహా ప్రకటించండి. చూపించడానికి మినిట్స్ లేకపోతే, డిసెంబరు 24న జాతీయ వినియోగదారుల దినోత్సవం పేరిట బడిపిల్లలకు వ్యాసరచన పోటీలు పెట్టి, శాలువాలు కప్పించుకుని, ఫొటోలు మా కార్యాలయానికి పంపే పని మాత్రం మానుకోండి.