మ.రా.రా.శ్రీ నీలం మాస్కు గారికి

మహారాజరాజశ్రీ నీలం మాస్కు గారి సముఖానికి, శ్రీకాకుళం పాత బ్రిడ్జి మీద తమరిని పోగొట్టుకున్న ఒకానొక మూతి రాసుకునే మనవి. ఉభయకుశలోపరి.

ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగడం దండగ. నూరేళ్లు చల్లగా ఉండమని దీవిద్దామంటే తమరికది శాపనార్థమయ్యేలా ఉంది. తమలాంటి మాస్కు సముద్రంలో పడితే పూర్తిగా నశించడానికి 450 ఏళ్ల దాకా పట్టొచ్చని ఓషన్స్‌ఏషియా అనే సంస్థ 2020 డిసెంబరులో చెప్పింది. ఆ ఒక్క ఏడాదే తమరి బంధుబలగం 156 కోట్లు సముద్రంలో కలిసి ఉంటుందని కూడా అదే అంచనా కట్టింది. మా తాతగారు మాకు ఎకరన్నర పొలం, ఒక కోర్టు కేసు మిగిల్చి పోయారు. కేసు మా నాన్నతోనే తీరిపోయింది. నా తరవాతివాళ్లకి నేను మిగిల్చే ఆస్తి తమరే. పంపకాలప్పుడు ఎవరూ కొట్టుకోరు, అదొక్కటే నిశ్చింత.

తమరు మా ఊరొచ్చిన కొత్తలో ఏం బెట్టు, ఏం దర్జా! 2020 మార్చి దాకా తమరి దర్శనం ఆపరేషన్ థియేటర్ తలుపు సందులోంచి మాత్రమే అయ్యేది. ఆ నెలలో ఒక్కసారిగా తమరికి ఉద్యోగమున్న పెళ్లికొడుకు గిరాకీ వచ్చింది. మూడు పొరల మాస్కు పది రూపాయలు దాటకూడదని కేంద్రం ధర కట్టింది. మా వీధి మందుల షాపాయన ఆ ఉత్తర్వును తు.చ. తప్పకుండా పాటించాడు. పది రూపాయల మాస్కు లేదన్నాడు. లేదని తల అడ్డంగా ఊపుతూనే కౌంటరు కింద నుంచి ముప్పై రూపాయల మాస్కు తీశాడు.

నిజానికి తమరితో మాకు పనేం పడుతుందిలే అనుకున్నాం. ఏప్రిల్ మూడో వారం దాటేదాకా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒక్క కరోనా కేసూ లేదు. దానికి మా వీధి అరుగు మీద రకరకాల సిద్ధాంతాలు. “పరిశ్రమలు రావు, ప్రాజెక్టులు రావు, ఇది మాత్రం వత్తాదేటి?” అన్నాడొకాయన. ఇంకొకాయన ఇంకాస్త లోతుకెళ్లాడు. ఊళ్లో రైల్వే స్టేషనే లేదు, శ్రీకాకుళం రోడ్డు అనే స్టేషను ఉన్నది ఆమదాలవలసలో, ఏ రోగమైనా అక్కడ దిగి ఆటో ఎక్కి రావాలి, ఆటోలు బందు కదా అని. ఏప్రిల్ ఆఖర్లో జిల్లాకి రానే వచ్చింది. ఆటో కోసం ఎదురు చూడలేదు.

ఈలోగా రాష్ట్ర ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున 16 కోట్ల గుడ్డ మాస్కులు పంచుతామంది. డ్వాక్రా మహిళలు కుట్టినవి. ఉతుక్కుని మళ్లీ కట్టుకునేవి. మా ఇంటికీ వచ్చాయి. రెండు రోజులు బుద్ధిగా కట్టుకున్నాం. మూడో రోజుకి ఒకటి పొయ్యి దగ్గర మసిగుడ్డ అయింది, ఇంకొకటి స్కూటర్ అద్దం తుడవడానికి డిక్కీలో చేరింది. నా చూపు మాత్రం తమరి మీదే. ఎందుకంటే తమర్ని పెట్టుకుంటే టెన్త్ తప్పినవాడు కూడా ఎంబీబీఎస్‌లా కనిపిస్తాడు.

అసలు తమరు గుడ్డో కాగితమో అనుకున్నానండీ నేను. ముట్టుకుంటే మెత్తగా, చూస్తే నాజూగ్గా ఉన్నారు కదా. తరవాత తెలిసింది, తమరు పాలిప్రొపిలీన్ అని, అచ్చమైన ప్లాస్టిక్ అని. యూరియా బస్తా ఏ పదార్థమో తమరూ అదే పదార్థం. అంటే యూరియా బస్తాకి తమరు స్వయానా పినతల్లి కూతురు, కాస్త కాన్వెంట్‌లో చదువుకున్నారంతే. కూతవేటు దూరంలో పొందూరు ఉంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, దారం వడికి, సన్నటి ఖద్దరు నేసే ఊరు. అలాంటి ఊరున్న జిల్లాలో పుట్టి, నేను యూరియా బస్తా మూతికి కట్టుకుని అదేదో పట్టువస్త్రమన్నట్టు సెల్ఫీ దిగాను.

తమరి మధ్య పొరలో ఏదో విద్యుదావేశం ఉంటుందట, సన్నటి తుంపరల్ని లాగి పట్టేది అదేనట, సబ్బుతో ఉతికితే ఆ గుణం పోతుందట. అందుకే ఒకసారి వాడి వదిలేయమన్నారు. మా పక్కింటాయన మాత్రం తమరి చెల్లెల్ని సబ్బు నీళ్లలో నానబెట్టి, పిండి, క్లిప్పు పెట్టి దండెం మీద ఆరేసేవాడు. నూగు లేచి గొంగళిపురుగులా అయినా విడిచిపెట్టలేదు. మేం నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే వీధి మొత్తానికి తక్కువ చెత్త వేసింది ఆయనే.

తమరి అన్నగారు కవరు సంగతి కూడా చెప్పుకోవాలి. కరోనాకి ముందు పాపం ఆయనకి గడ్డురోజులు. 50 మైక్రాన్ల కంటే పలచగా ఉండకూడదని 2016 నుంచి నిబంధన. మార్కెట్లో అధికారులు కనపడితే కూరగాయలావిడ ఆయన్ని గోనె కింద దాచేది. కరోనా వచ్చింది, ఆయన దశ తిరిగింది. మా వీధి చివర టిఫిన్ సెంటర్‌కి స్టీలు క్యారేజీ పట్టుకెళ్తే, “బయటి గిన్నెలు ముట్టుకోం సార్, కరోనా కదా” అన్నాడు. సరే, శుభ్రమంటే శుభ్రమే అనుకున్నాను. అప్పుడు నా కళ్లెదుటే ఏం చేశాడంటే, మాస్కు గెడ్డం కిందకి లాగాడు. వేలు నాలిక్కి రాసుకున్నాడు. ఆ వేలితో అతుక్కున్న కవర్ల కట్టలోంచి ఒకటి విడదీశాడు. అది తెరుచుకోకపోతే లోపలికి ఉఫ్‌మని నిండుగా ఊదాడు. ఆ ఊపిరి మీదే సాంబారు పోసి ముడేశాడు. మళ్లీ మాస్కు పైకి లాక్కుని, “ఇంకేం కావాలి సార్?” అన్నాడు.

రెండిడ్లీలకి నాలుగు కవర్లు. చట్నీకొకటి, సాంబారుకొకటి, ఇడ్లీ కింద తళతళలాడే కాగితం ఒకటి, వీటన్నిటికీ కలిపి చేతికి తగిలించుకునేది ఒకటి. ఆ సాంబారు ముడి గురించి ఏం చెప్పమంటారు! గోటితో పీకాను, పంటితో లాగాను, చివరికి కత్తెర పెడితే సగం సాంబారు చొక్కా మీదికి, మిగతా సగం బల్ల మీద పెట్టిన తమరి మీదికి వచ్చింది. తమరి ఎడమ అంచున ఆ పసుపు మరక గుర్తుందా? ముందు ముందు దాంతో పని పడుతుంది.

ఇంకా విచిత్రం, వైరస్ ప్లాస్టిక్ మీద మూడు రోజుల దాకా, అట్ట మీద ఒక రోజు దాకా ఉంటుందని ఆ మార్చిలోనే శాస్త్రవేత్తలు పరీక్ష చేసి చెప్పారు. అంటే భయపడి పారిపోవాలంటే ముందు కవరుని చూసి పారిపోవాలి. మేం గిన్నెని చూసి పారిపోయాం. భయం నిజమైనదే, కాదనను. మా వీధిలోనే రెండిళ్ల తలుపులు మళ్లీ మునుపటిలా తెరుచుకోలేదు. కానీ ఆ భయం చాటున గిన్నె కడిగే పని కూడా తప్పించుకున్నామన్నది నాకు తెలుసు, మా ఆవిడకీ తెలుసు.

తమరిని ఎలా సాగనంపాలో కూడా మాకు చెప్పారండీ, చెప్పలేదని అబద్ధమాడను. ఇళ్లలో వాడిన మాస్కుని కాగితం సంచిలో 72 గంటలు ఉంచి, మళ్లీ ఎవరూ వాడకుండా కత్తిరించి చెత్తలో వేయమని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూచన. ఒకే ఒక్కసారి నేను అక్షరాలా చేశాను. పేపరులో పొట్లం కట్టి అలమారలో పెట్టాను. సాయంత్రం మా ఆవిడ మిరపకాయ బజ్జీలనుకుని ముచ్చటగా విప్పింది. ఆ తరవాత ఇంట్లో ఆ సూచన గురించి ఎవరూ మాట్లాడలేదు. మరుసటి ఏడాది క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకంలో పట్టణాల్లో ఇంటికి మూడు రంగుల డబ్బాలు ఇవ్వడం మొదలెట్టారు. ఆకుపచ్చది తడి చెత్తకి, నీలం పొడి చెత్తకి, ఎరుపు ప్రమాదకరమైన చెత్తకి. మాకు తెలిసిన ఒక ఇంట్లో నీలం డబ్బాలో బియ్యం, ఎరుపులో ఎండుమిరపకాయలు పోసుకున్నారు. రంగులు బాగానే కుదిరాయి.

పొట్లం కథ చెడ్డాక నేను తమరి వారిని ఎక్కడ వేసేవాణ్ని? గేటు బయట, కాలువ గట్టు మీద. రెండు వేళ్లతో చెవి తాడు చివర పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని, చచ్చిన ఎలకని పారేసినట్టు. వెంటనే చేతులకి శానిటైజరు. ఇరవై సెకన్లు, వేళ్ల సందుల్లో కూడా.

ఒకరోజు పొద్దున్నే ఊడ్చే ఆవిడ వచ్చింది. రెండు అట్టముక్కల మధ్య చెత్త పట్టి బండిలో వేసుకుంటోంది. తమరి వాళ్లు అట్టముక్కలకి చిక్కరు కదా, తడి నేలకి అతుక్కుపోయి, చెవి తాళ్లు కంచె ముళ్లకి చుట్టుకుని ఉంటారు. ఆవిడకిచ్చిన గ్లౌజు బొటనవేలి దగ్గర చిరిగిపోయింది. ఆ బొటనవేలితోనే ఒక్కో తాడూ విడిపించింది. నేను గేటు లోపల నుంచి, “అమ్మా, చేత్తో ముట్టుకోకండి, ప్రమాదం” అని జ్ఞానబోధ చేశాను. ఆవిడ తలెత్తి ఒక్కసారి చూసింది.

“మీ మూతిదే మీకు అసయ్యమైతే, నాకేటి బావూ, సద్దన్నమా?”

అంతే అంది. బండి తోసుకుంటూ వెళ్లిపోయింది.

ఇక గార్లూ తమర్లూ ఎందుకులే. నువ్వు నా మూతి మీద మూడు రోజులు కాపురం చేసినదానివి, నీ దగ్గర దాపరికమేంటి? ఆవిడ మాటతో నేను మారిపోయాననుకుంటున్నావేమో. మారాను. గేటు బయట పారేయడం మానేసి దూరంగా పారేయడం మొదలెట్టాను. ఆవిడకి దొరకని చోట.

ఆ జులై సాయంత్రం పాత బ్రిడ్జి మీద స్కూటర్ ఆపాను. నాగావళి ఎర్రగా, నిండుగా పోతోంది. అటు గాలి, ఇటు ఉక్క. నువ్వు చెమటకి తడిసి, సాంబారు మరకతో, చెవి దగ్గర ఒక తాడు తెగి వేలాడుతున్నావు. జేబులో పెట్టుకుంటే భయం, డిక్కీలో వేస్తే భయం. ఇంటికెళ్లి ఏం చెప్పానో తెలుసా? గాలికి ఎగిరిపోయిందన్నాను. మా ఆవిడ నమ్మింది. ఆ తరవాత నాకూ నమ్మకం కుదిరింది. ఇన్నేళ్లూ ఈ కథే చెప్పుకున్నాను. గాలి ఉన్నమాట నిజమే. కానీ వేళ్లు నావి.

నువ్వు వెంటనే మునగలేదు. తాంబూలంలో పెట్టిన తమలపాకులా కాసేపు తేలి, పైరు కుప్పలా కొట్టుకొస్తున్న గుర్రపుడెక్క వెనక చేరి, మలుపు తిరిగిపోయావు. అక్కణ్నుంచి నీ దారి నాకు తెలుసు, చిన్నప్పుడు మా మేష్టారు బెత్తంతో చెప్పించారు. నాగావళి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడికి దగ్గర్లోనే శ్రీకూర్మం. విష్ణుమూర్తిని తాబేలు రూపంలో కొలిచే గుడి. ఆ గుళ్లో తాబేళ్లకి మేం ఆకుకూరలు పెట్టి దణ్నం పెట్టుకుంటాం. ఆ తీరానికే శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. నీళ్లలో తేలే మీ అన్నగారిని జెల్లీచేప అనుకుని సముద్రపు తాబేళ్లు మింగుతాయట. నీ తాళ్లు కాళ్లకి చుట్టుకునే రకం. గుళ్లో దేవుడు తాబేలు, తీరంలో తాబేలుకి నువ్వు. మొక్కుబడి మేం ఇలా చెల్లించుకున్నాం.

2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. వైరస్‌కి రిటైర్మెంటు ఇచ్చారు, నీకివ్వలేదు. 2022 జులై 1 నుంచి స్ట్రాలు, ప్లాస్టిక్ చెంచాలు, ప్లేట్లు, గ్లాసులు నిషేధమన్నారు, ఆ జాబితా అంతా వెతికినా నీ పేరు లేదు. మీ అన్నగారిని మాత్రం 120 మైక్రాన్లకి లావెక్కమన్నారు. మనుషుల్నేమో సన్నబడమనే కాలంలో ఆయనకి ఈ యోగం పట్టింది.

మొన్న కార్తీకంలో కళ్లేపల్లి వెళ్లాం. పిల్లలు నీళ్లలోకి పరిగెత్తారు, నేను ఒడ్డున నడిచాను. ఇసకలో నీలం రంగుది ఏదో సగం పూడుకుని కనిపించింది. నిలబడిపోయాను. చెప్పు చివరతో ఇసక తోశాను. రంగు వెలిసిపోయి బూడిదలా ఉంది, చెవి తాళ్లు రెండూ ఉన్నాయి. వంగి, ఎడమ అంచు తిప్పి చూశాను. పసుపు మరక లేదు.

నాది కాదు. ఎంత హాయిగా అనిపించిందో! కాలితో ఇసక కప్పేసి వచ్చేశాను.

ఇట్లు,
మునుపు తమరు కప్పిన మూతి

తా.క. నిన్న బూజు దులుపుతుంటే అటక మీద అట్టపెట్టె ఒకటి దొరికింది. లోపల మీ తోబుట్టువులు ముప్పై ఎనిమిది మంది, ఒక్కరి మడతా నలగకుండా ఉన్నారు. ఎక్కడ వేయాలని మా ఆవిడ అడిగింది. ఎర్ర డబ్బాలో ఎండుమిరపకాయలు పోసుకున్నారని చెప్పాను చూడు, ఆ ఇల్లు మాదే. పెట్టె మళ్లీ అటక మీదికే ఎక్కించాను.